మంచు బాషాకు ఇనప ముళ్ళు

పెళ్ళాం ఇంకో మగాణ్ణి మెచ్చుకుంటే ఒంట్లో ఎక్కడెక్కడ మండుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. నాకు మాత్రం ఆ మంట చెనిక్కాయల పొడి దగ్గర అంటుకుంది.

తొంభయ్యో సంవత్సరం, ఆగస్టు నెల. ఇరాక్ సైన్యం కువైట్‌లో దిగి మూడు వారాలైంది. మిష్రిఫ్ పేటలో, మాకు వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న కఫీల్ విల్లాకు మిగిలింది ఇద్దరమే: డ్రైవరు మునీంద్ర అనబడే నేను, వంటమనిషి కళావతి అనబడే మా ఆవిడ. బాబా అంటే ఆ కఫీల్, మామా అంటే ఆయన భార్య; వాళ్ళూ పిల్లలూ ఏటా పోయినట్టే జులైలో చల్లటి దేశం పోయారు, పోయినవాళ్ళు అక్కడే చిక్కుకున్నారు. పదకొండు గదుల ఇంటికి మేమే రాజూ రాణీ. రాజుగారికి రోజూ బియ్యం, టమోటా పేస్టు. నోటికి రుచి అంటూ ఉంటే, రాయచోటి నుంచి వచ్చిన ఆ పొడి డబ్బా ఒక్కటే.

ఆ రోజు అన్నంలోకి చిటికెడు విదిలించి డబ్బా మూత పెట్టేసింది. ఇంకొంచెం వెయ్యమన్నాను. అయిపోవచ్చింది, సగం బాషన్నకు ఇచ్చినాను అంది.

"మొగునికి చిటికెడు, బాషన్నకు సగం డబ్బానా?"

"ఆయప్ప మనకు నీళ్ళు మోసిచ్చినాడు. నువ్వేం మోసినావు?"

పక్క విల్లాలో వంటకూ కారుకూ ఒక్కడే మనిషి ఈ లాల్ బాషా. మా రాయచోటివాడే. ఆరడుగుల ఎత్తు, అరబ్బులే తలతిప్పి చూసే మీసం, కువైటీలు ఆశ్చర్యపోయే అరబ్బీ. ఇవి చాలవన్నట్టు అతను మంచు చూశాడు. రెండు చలికాలాలు కఫీల్ కుటుంబంతో స్విట్జర్లాండు పోయి, అక్కడ వాళ్ళకు మచ్బూస్ అనే మాంసం అన్నం వండిపెట్టి వచ్చాడు. మంకీ క్యాపు పెట్టుకుని మంచులో నిలబడ్డ ఫోటో జేబులోనే ఉంటుంది. ఆ ఫోటో చూపించడం మొదలుపెడితే చుట్టూ పదిమంది తెలుగువాళ్ళు చేరతారు. అందుకని నేనతనికి మంచు బాషా అని పేరుపెట్టాను. పేరు పెడితే కసి తగ్గుతుందనుకున్నాను. మా ఆవిడ ఆ పేరు విని, భలే ఉందే అని బాషాకు చెప్పేసింది. వాడూ సంతోషించాడు.

మీరు పొరబడకండి, నాకు అనుమానం లేదు. కళావతి అతణ్ణి నోరారా అన్నా అంటుంది, అతనూ ఊళ్ళో ఉన్న తన భార్య ఫరీదా పేరు చెప్పకుండా పూట గడవనివాడు. అనుమానమైతే గొడవపడి తేల్చుకునేవాణ్ణి. నాది ఉత్త కుళ్ళు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మా ఆవిడ నావైపు ఒక్కసారి కూడా నోరు తెరుచుకుని చూసింది లేదు. బాషా మంచు కథ చెబుతుంటే మాత్రం కూర అడుగంటినా తెలియడం లేదు. మంచు మీద నడిస్తే చీర తడుస్తుందా, మంచు వాసన వస్తుందా అని ఆవిడ అడగడం, ఇతను ప్రొఫెసరులాగా జవాబివ్వడం. ఆ చూపు ఒక్కసారి నామీద పడాలి. ఆ రోజుల్లో నా చుట్టూ ఒక దేశమే మునిగిపోయింది గానీ నా దిగులు అదొక్కటే.

అలాంటప్పుడు అబూ హలీఫా పేట నుంచి సూరాయమ్మ వచ్చింది. ఈవిడ చెవికి ట్రాన్సిస్టరు ఆనించుకుని తిరిగే మనిషి, పుకార్లను సొంత బిడ్డల్లాగా సాకుతుంది. ఇండియావాళ్ళను బస్సుల్లో ఎక్కించి టర్కీ మీదుగా పంపిస్తారట అని ఊది పోయింది. టర్కీ అంటే ఏమిటి బాషన్నా అని మా ఆవిడ అడిగింది. బాషా మీసం సవరించుకున్నాడు. టర్కీ నిండా కొండలేనట, కొండల నిండా మంచేనట, కాలు జారితే మనిషి జాడే ఉండదట.

"మరి ఎట్ల పోవాలన్నా మనం?" అంది కళావతి.

"నేనుండానుగా చెల్లెమ్మా," అన్నాడు బాషా.

ఆ మాట నేను అనాల్సింది. పక్కనే కూర్చుని అన్నం తింటున్నవాణ్ణి, నోట్లో ముద్ద ఉంది, అందువల్ల ఆలస్యమైంది. ఆ ముద్ద మింగేలోపల నా బుర్రలో ఒక పథకం తయారైంది.

మా బాబా కొడుకు బదర్‌కి మంచుకొండల పిచ్చి. కాళ్ళకు స్కీలు కట్టుకుని కొండ ఎక్కుతాడు, మళ్ళీ వాటి మీదే జారుకుంటూ దిగుతాడు. కొండ మరీ నిటారుగా ఉంటే స్కీలు వీపుకు తగిలించుకుని, బూట్ల కింద ముళ్ళ పట్టీలు కట్టుకుంటాడు. వాటిని క్రాంపాన్లు అంటాడు. ప్రతి చలికాలం ప్రయాణానికి ముందు వంటింటి కాటా మీద వాటిని తూచేవాడు, కాటా నేను పట్టుకునేవాణ్ణి. ఎక్కేవాడికి ఒక్కొక్క గ్రామూ శత్రువే మునీర్, అని నాకు అర్థమయ్యే ముక్కల ఇంగ్లీషులో అనేవాడు. నన్ను మునీర్ అనే పిలుస్తాడు. పళ్ళు తోముకునే బ్రష్షు కాడను కూడా బరువని సగానికి కోసిన మనిషి. ఉక్కువి గట్టివి, గడ్డకట్టిన మంచుకైనా రాయికైనా ఆగుతాయి, కానీ బరువు. అల్యూమినియంవి తేలిక, మెత్తటి మంచుకు సరిపోతాయి, రాయి తగిలితే వంగుతాయి. స్కీల మీద పోయేవాడికి తేలికవే మేలు. ఇదంతా ఆ కుర్రాడు కాటా చూస్తూ తనలో తను అనుకునేవాడు. నాకు చెప్పినట్టు నేను లెక్కేసుకున్నాను.

అతని అల్మారాలో మూడు జతలు మిగిలాయి. రెండు అల్యూమినియం, ఒకటి ఉక్కు.

మర్నాడు పొద్దున్నే మూడూ తెచ్చి వంటింటి బల్ల మీద పరిచాను. సైనికులు ఎత్తుకుపోకముందే బదర్ సామాను మనమే భద్రంగా దాటించాలి, దారిలో మంచొస్తే వాడుకోవాలి, ఏది ఎవరికి నప్పుతుందో ఎంచడం తెలిసినవాణ్ణి కువైట్ మొత్తంలో నేనొక్కణ్ణే అని కళావతికి ఉపన్యాసం ఇచ్చాను. బాషా మంచు చూశాడు, నిజమే. మంచులో ఏం చేశాడు? అన్నం వండాడు. నేను మంచు చూడకపోయినా దాని సంగతులన్నీ తెలిసినవాణ్ణి.

ఆవిడ చేతులు కట్టుకుని అంతా విన్నది. "వాళ్ళు పోయిన ఊర్లో మంచు లేదనే కదా ఆ పిల్లోడు ఇవి వదిలిపెట్టి పోయింది?"

"అది జులై. మనం పోయేది సెప్టెంబరు."

"రెండు నెలల్లో మంచు అంత పెరుగుతాదా?"

ఈ ఆడవాళ్ళకు శాస్త్రం చెప్పి లాభం లేదు, చేసి చూపించాలి. అల్యూమినియం జతను నా నల్ల బూట్లకు బిగించబోయాను. బదర్ బూట్లకు ముందూ వెనకా అంచులుంటాయి, ముళ్ళ పట్టీకి ఉండే కమ్మీ అక్కడ పట్టుకుంటుంది. నా బూట్లకు అంచుల్లేవు. మా ఆవిడ లంగా బొందు ఒకటి అడిగి కట్టుకున్నాను. ఆవిడ ఇవ్వడమైతే ఇచ్చింది గానీ ఇచ్చేటప్పుడు మొహం అటు తిప్పుకుంది.

విల్లా మెట్లకు మామా పరిపించిన ఎర్ర కార్పెట్ ఉంది. దాని మీద ముళ్ళు దిగుతూ టకటకా పైకి ఎక్కేశాను. పైనుంచి కళావతిని చూశాను. నా తొమ్మిదేళ్ళ కోరిక తీరినట్టే ఉంది, నోరు కొంచెం తెరుచుకుంది కూడా. ఇక దిగుతున్నాను. మూడో మెట్టు మీద ముళ్ళు కార్పెట్‌లో ఇరుక్కున్నాయి. నేను కిందికి వచ్చాను, కార్పెట్ నాతో వచ్చింది, దాన్ని పట్టి ఉంచిన ఇత్తడి కడ్డీలు వరసగా ఊడి మా ఇద్దరితో వచ్చాయి. ఆ చప్పుడుకు రోడ్డు మీద తిరుగుతున్న ఇద్దరు సైనికులు లోపలికి వచ్చేశారు.

వాళ్ళు చూసిందేమిటి? కార్పెట్‌లో చుట్టుకుపోయిన ఒక నల్లటి మనిషి, బయటికి పొడుచుకొచ్చిన రెండు పాదాలు, పాదాల నిండా ముళ్ళు. ఒకడు తుపాకీ గురిపెట్టాడు. అదీ నా కాళ్ళకు. నాకొచ్చిన అరబ్బీ అంతా పెట్రోలు బంకుకూ కూరగాయల కొట్టుకూ సరిపడేది. టమోటా కిలో ఎంత అని అడగ్గలనుగానీ ఇవి ఏమిటో చెప్పలేను. కళావతి వెనక తలుపులోంచి పరుగెత్తి గోడ మీదుగా బాషాను పిలుచుకొచ్చింది.

బాషా వచ్చి సలాం చెప్పి, నావైపు చూపించి, తలకు వేలు ఆనించి ఏదో అన్నాడు. సైనికులు నన్ను జాలిగా చూశారు. ఒకడు నాకొక సిగరెట్టు కూడా ఇచ్చాడు. పోతూ పోతూ ఇస్త్రీ పెట్టె, వంటింటి కాటా తీసుకుపోయారు గానీ ముళ్ళ జోలికి రాలేదు.

బాషా ఆవిడకు చెప్పే ఉంటాడని, ఏమన్నాడో తర్వాత మా ఆవిణ్ణి అడిగాను. పాపం ఈయనకు కాళ్ళూ బుర్రా రెండూ సరిగ్గా లేవు, ఇవి డాక్టరిచ్చిన చెప్పులు అన్నాడట. చెప్పి, గోడకు ఆనుకుని నవ్వింది. యుద్ధం మొదలయ్యాక ఆవిడ అంతగా నవ్వడం అదే మొదలు. నవ్వించింది బాషా. ప్రాణాలు కాపాడిందీ బాషానే. నాకు కృతజ్ఞత కలగాలి కదా, కళ్ళల్లో నిప్పులు పడ్డాయి.

అప్పుడు నా పథకానికి రెండో భాగం పుట్టింది. తేలికవి రెండు జతలు నాకూ కళావతికీ. ఉక్కుది బాషాకు. మోసుకురానీ కొండల మీదుగా. ఆయాసపడుతూ వెనకబడితే, ముందు నడుస్తున్న నన్ను మా ఆవిడ చూస్తుంది.

కాటా పోయింది కాబట్టి తూచే పని కళావతికే పడింది. వంటింట్లో రోజూ కోళ్ళు ఎత్తి చూసే చెయ్యి అది, కాటాతో పనిలేదు. ఉక్కుది ఎత్తి, ఇది కిలో కోడి దాటింది అంది. అల్యూమినియంది ఎత్తి, దీంట్లో సగమే అంది. నేను బాషాను పిలిచి, అన్నా నువ్వు భారీ మనిషివి, నీ ఒంటికి అల్యూమినియం ఆగదు, వంగిపోతుంది, అందుకే అన్నిట్లోకీ మేలైన ఉక్కుది నీకు ఉంచాను అన్నాను. మాది దూదిపింజ, ఏదో సర్దుకుంటాం అని కూడా చేర్చాను. బాషా కళ్ళు చెమర్చాయి. నా భుజం పట్టుకుని తమ్ముడూ అన్నాడు. కళావతి నన్నొక చూపు చూసింది. నేను ఎన్నాళ్ళుగానో కోరుకుంటున్న చూపు మాత్రం కాదది.

గల్ఫ్ సామానుకు మనవాళ్ళు చేసే ఏర్పాటు మీకు తెలుసు కదా. గుడ్డలో పెట్టి చుట్టూ కుట్టేసి, పైన నల్ల మార్కరుతో పేరు, ఊరు రాయాలి. కళావతి మామా పాత దుప్పట్లు కోసి మూడు సంచులు కుట్టింది. ముళ్ళు పొడుచుకు రాకుండా లోపల బట్టలు కూరింది, పేర్లు నన్ను రాయమంది. నేను వరసగా రాశాను. నా పని అదొక్కటే.

సెప్టెంబరు మొదట్లో ఎంబసీ కాగితాలు చేతికొచ్చాయి, బస్సు దొరికింది. బస్రా దాటి బాగ్దాదు చేరాక తెలిసింది, టర్కీ గిర్కీ ఏమీ లేదు, పోతున్నది జోర్డాన్‌కు, దారంతా ఎడారి. బాషా నిట్టూర్చి, అయితే ఈ ముళ్ళు ఇక్కడే వదిలేద్దామా తమ్ముడూ అన్నాడు.

వదిలేస్తే నా పథకం ఏం కావాలి? "అన్నా, ఇది అమానత్. ఒకరి సొత్తు నమ్మి మన చేతిలో ఉంది. నువ్వే ఎడారిలో పారేస్తానంటే ఇంక ఎవర్ని నమ్మేది?"

అమానత్ అనే మాట విన్నాక బాషా ప్రాణం పోయినా దాన్ని దించడని నాకు తెలుసు. అతను సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు. కళావతి కిటికీలోంచి బయటికి చూస్తూ, "నీ సంచి కూడా అమానతే గదా. నువ్వూ దించగూడదు మరి," అంది. దించనే దించనన్నాను. అల్యూమినియమేగా.

ఇరాక్ చెక్‌పోస్టు దగ్గర బస్సు ఆపేశారు. అక్కణ్ణుంచి జోర్డాన్‌వాళ్ళ గుడారాల దాకా నడక. నెత్తి మాడే ఎండ, కనుచూపుమేర మనుషులూ మూటలూ. పది నిమిషాలు నడిచేసరికి నా సంచి బరువెక్కింది. అరగంటకు భుజం దిగిపోయింది. పైగా లోపలి బట్టలు జరిగి ముళ్ళు వీపులో పొడుస్తున్నాయి. కళావతినడిగాను, ఇందులో ఇంకేమైనా పెట్టావా అని. దూదిపింజ అంటివి గదా, ఎండకు అట్ల అనిపిస్తాదిలే అంది.

బాషాను చూస్తే తన సంచి భుజాన వేసుకుని, ఇంకో చేత్తో ఎవరి పసిబిడ్డనో ఎత్తుకుని, చకచకా పోతున్నాడు. ఇనుము మోస్తూ ఇలా నడిచేవాడు మనిషేనా అని నా గుండె మండిపోయింది. మధ్యలో ఆగి, బరువుగా ఉందా తమ్ముడూ, ఇటివ్వు అన్నాడు. బరువా, ఖాళీ సంచన్నా ఇది అని పళ్ళు బిగించి నవ్వాను. ఆ తర్వాత అతని ముందు ఆయాసపడ్డానికి కూడా వీల్లేక, ఊపిరి బిగపట్టి నడిచాను.

గుడారాల్లో మాకొక డేరా దొరికింది. అందులో మేము, ఇంకో పద్నాలుగు మంది, పిల్లలతో సహా. మధ్యాహ్నం అన్నం పొట్లాలు విప్పుతుండగా ఇసుక గాలి లేచింది. పక్క డేరాలు ఎగిరిపోతున్నాయి. మాది కూడా ఒక మూల మేకు ఊడి పైకి లేచింది. ఆడవాళ్ళు పిల్లలను గుండెలకు అదుముకున్నారు. అందరం తాళ్ళు పట్టుకుని వేలాడుతున్నాం.

"చెల్లెమ్మా, ముళ్ళు తియ్యి," అన్నాడు బాషా.

కళావతి ముందు తన సంచి చింపింది. బాషా ఆ అల్యూమినియం ముళ్ళను మేకులాగా ఇసుకలోకి దించి రాయితో కొట్టాడు. రెండు దెబ్బలకే వంగిపోయాయి. తన సంచి చింపుకున్నాడు. ఉక్కు బయటికి వస్తుందని చూస్తున్నాను. వచ్చింది అల్యూమినియం. అదీ వంగింది. కళావతి నా దగ్గరికి వచ్చి, నా భుజం మీది సంచి లాక్కుని, పళ్ళతో కుట్లు తెంపింది. లోపల ఉక్కు జత నల్లగా నిగనిగలాడుతూ ఉంది.

బాషా ఒకదానికి తాడు కట్టి, మోచేతి లోతు గుంట తీసి పాతి, పైన రాళ్ళు పేర్చాడు. రెండోది ఇంకో మూలన పాతాడు. గాలి గంటసేపు కొట్టింది. డేరా కదల్లేదు.

గాలి తగ్గాక అందరూ బాషా చుట్టూ చేరారు. ఇంత ఇనుము ఇంత దూరం ఎవరు మోసుకొచ్చారు అని ఒక పెద్దాయన అడిగాడు. కళావతి ముందుకొచ్చింది. నేను నేలలోకి దిగిపోవడానికి సిద్ధపడ్డాను.

"మా ఆయన," అంది. "ఇనుము బాషన్న పేర పెట్టినాడు గానీ, అన్నకు కష్టమైతాదని కుట్టేటప్పుడు తన సంచిలోకి మార్పించుకున్నాడు. ఎవరికీ చెప్పొద్దన్నాడు. అందుకే నేనూ చెప్పలేదు."

బాషా నావైపు తిరిగాడు. ఆరడుగుల మనిషి అందరి ముందూ నన్ను కరుచుకుని ఏడ్చాడు. దారిలో అడిగినా చెప్పకపోతివే తమ్ముడూ, మా అమ్మ కడుపున పుట్టినోడు కూడా ఇంత చేయడు అన్నాడు. పెద్దాయన నా తల నిమిరాడు. ఆడవాళ్ళు నన్ను చూపించి పిల్లలకు ఏదో చెప్పారు. అది కాదు అనడానికి నోరు రాలేదు, అవును అనడానికి మొహం చెల్లలేదు. కొడితే పడొచ్చు, తిడితే వినొచ్చు. చెయ్యని మంచికి వచ్చిన పొగడ్తను మోయడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

డేరా వెనక కళావతిని పట్టుకుని నిలదీశాను. ఎప్పుడు మార్చావు?

"నువ్వు ఆయప్పను భారీ మనిషివి అన్న రోజే. ఎత్తి చూసినా గదా, ఏది యాడ పోతాందో నాకు తెలీదా?"

"మరి నలుగురిలో నన్ను పొగడ్డమెందుకు?"

"నీ ఏడుపు నువ్వే మోయాల. ఇంకొకరి వీపున పెట్టగూడదు. అట్లని నా మొగుడు ఇట్లాంటోడని నలుగురికి చెప్పుకుంటానా?" అంది. కొంగు తడిపి నా వీపు మీద ముళ్ళు గుచ్చుకున్న చోటల్లా తుడిచింది. చాలా చోట్లే ఉన్నాయి. సిగ్గుకు తల ఎత్తలేదు.

మేము కదిలే రోజుకు ఆ డేరాలోకి వేరేవాళ్ళు దిగారు. ముళ్ళు తవ్వుకుని వస్తే వాళ్ళ డేరా కూలుతుంది. అమానత్ కదా అని బాషా వెనకాడాడు. నేనే వద్దన్నాను. ఈసారి నిజంగానే వద్దన్నాను, కానీ బాషా దాన్ని కూడా నా గొప్పతనం కిందే రాసుకున్నాడు.

అమ్మాన్‌లో విమానం ఎక్కాం. మూడు సీట్ల వరస. కళావతి కిటికీ పక్కన కూర్చుని, దుప్పటి కప్పుకుని, క్షణంలో నిద్రపోయింది. చివరి సీటులో ఉన్న బాషా, తన తమ్ముడు ఎప్పుడూ మంచు చూడలేదనే సంగతి గుర్తొచ్చి, జేబులోంచి ఫోటో తీశాడు. బొంబాయి వచ్చేదాకా నా చెయ్యి వదల్లేదు.